బిందెలో మోదుగాకు

1961 ఫిబ్రవరి 6, సోమవారం

అండాలు కడుపులో బిడ్డ కదిలింది.

అల్లుడు రఘుపతి కార్డు రాశాడు. ఆరు వాక్యాలు రాస్తే అయిదింటిలో వేరుశనగ సంగతి, ఎద్దు కాలి పుండు సంగతి, వాళ్లమ్మ మోకాళ్ల సంగతి. ఆరో వాక్యంలో, చోటు చాలక సందున ఇరికించి, ఇది. పోస్టుమాన్ చదివే ఉంటాడు, నవ్వుతూ చేతికిచ్చాడు. ఆయనకు చాయ పోయించాను, రెండోది కూడా పోయించాను. పోస్టు కార్డు మీద ఇలాంటి మాట ఎవరన్నా రాస్తారా అని మా ఇంటామె గుర్వమ్మ అల్లుణ్ణి తిట్టింది. తిడుతూనే నాలుగుసార్లు చదివించుకుంది. అయిదోసారి ఆమె అడగకుండానే నేను చదివాను. అండాలు నా ఒక్కగానొక్క బిడ్డ. పెళ్లయి తొమ్మిదేళ్లు. అరవై రెండేళ్ల నా గుండె ఇంత గట్టిగా కొట్టుకోగలదని నాకు తెలియదు.

గుర్వమ్మ ఒకటే మాట చెప్పింది.

"పోయినసారి కొత్తకోటంత దండోర ఏసినవు. ఏమాయె? గీసారి బిడ్డ బైటవడి కేర్‌మన్నదాంక నీ నోరు కుట్టుకో. మా తమ్మునికి చెప్పొద్దు, మీ అక్కకు చెప్పొద్దు. దేవునికి గూడ చెప్పొద్దు, ఆయనకు ఎర్కనే."

నోరు కుట్టుకోగలను. చేతులు ఊరుకోవు. విత్తనాల కొట్టువాళ్లు ఇచ్చిన ఈ డైరీ ఖాళీగా పడి ఉంది. ఉర్దూలో నాలుగో జమాతు చదివినవాణ్ణి, తెలుగు పెద్దయ్యాక గ్రంథాలయంలో దిద్దుకున్నవాణ్ణి. తప్పులుంటే ఉండనీ, చదివేది నేనే కదా.

బిడ్డ కదిలింది. బిడ్డ కదిలింది. బిడ్డ కదిలింది.

ఫిబ్రవరి 9, గురువారం

రాళ్లదొడ్డి పోయి వచ్చాము. మా కొత్తకోట నుంచి మక్తల్ దాకా రోడ్డే. అక్కడి నుంచి అల్లుడి ఊరికి పన్నెండు మైళ్లు ఎడ్లబండ్ల బాట: గుంతలు, గుండ్లు, నడుమ వాగు. మాది పాత మిలిటరీ జీపు. నలభై నాలుగు నాటిది, సికింద్రాబాదు వేలంలో కొన్నాను. ఏ బాటకూ జంకదు. నేనూ మా తమ్ముడు భిక్షమూ పదేళ్లుగా దాని మీదే బతుకుతున్నాము.

వాగు దాటేటప్పుడు కుడిపక్కకు చూడలేదు. ఈ బండికి స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. పోయేటప్పుడు ఒడ్డు మీది ఆ తంగేడు పొద కుడివైపు పడుతుంది, చూడకుండా పోవచ్చు. వచ్చేటప్పుడు నా పక్కకే వస్తుంది. అప్పుడు గేరు చూసుకున్నాను.

అండాలు నిండుగా ఉంది. చెంపలు మెరుస్తున్నాయి. వాళ్లమ్మ నుదుటికి దిష్టి చుక్క పెడుతుంటే సిగ్గుపడింది. ఏడో నెల పడగానే వచ్చి తీసుకుపోతామన్నాను. బేసి నెలలోనే కదా తీసుకుపోవాలి. వియ్యపురాలు గోపమ్మ చాయ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"అన్నా, అలుగకు. పిల్లను నేను పంపియ్య."

"గదేంది చెల్లె?"

"పోయినసారి ఏడో నెలల నీ జీబు ఎక్కిచ్చిన. వాగు కాడ నొప్పులొచ్చె. వాగు కాడనే పిలగాడు పాయె. మల్ల గదే జీబు, గదే వాగా?"

"బండి తప్పు కాదది, చెల్లె."

"మరి ఎవని తప్పు?"

నేను చాయ తాగాను. చల్లారిపోయింది, అయినా తాగాను.

అప్పుడు అండాలు తలుపు దగ్గర నుంచి మాట్లాడింది. అత్త ముందు ఎన్నడూ గొంతు ఎత్తని పిల్ల. "అత్తమ్మా, పోయినసారి పాలమూరు దవాఖానల డాక్టరమ్మ ఏమన్నది? మల్లొకసారైతే దవాఖానలనే కావాలె, లేకుంటె నీ పానం గూడ దక్కదన్నది. మిర్గం కార్తెకు వాగు పొంగుతది. అప్పుడు నొప్పులొస్తె నన్ను ఎట్ల దాటిస్తవు?"

గోపమ్మ చీర కొంగు నలిపింది. చివరికి, "ఎడ్లబండి ఎక్కిత్తమంటె అది గింకింత ఎత్తేస్తది. ఆ జీబు ఎత్తెయ్యకుంట పోతదని నా కండ్లకు చూపియ్యి. అప్పుడు తోల్కపో" అంది.

బండి దగ్గరికి సాగనంపుతూ అండాలు మెల్లగా అంది: "బాపూ, గీసారి నేనొక్కదాన్నే ఎక్కుత." ఎందుకన్నదో.

చూపిస్తాను. గోపమ్మ కండ్లకే చూపిస్తాను.

ఫిబ్రవరి 11

మెకానిక్ ఎల్లస్వామి ముందు బంపరు మీద ఎక్కి నిలబడి కిందికి దుమికాడు. బండి ఊగడం మొదలుపెట్టింది. ఆయన వేళ్లు మడుస్తున్నాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... చెన్నయ్యన్నా, నీ బండి బొడ్డెమ్మ ఆడుతాంది."

"ఎన్ని ఊగాలె?"

"ఒకటి. మస్తయితె ఒకటిన్నర. నీ షాకబ్జర్లు సచ్చి ఎన్నొద్దులాయెనో. నేను జెప్తె ఇన్నవా?"

గుర్వమ్మ సద్ది తెచ్చి అక్కడే ఉంది. షాకబ్జర్లంటే ఏమిటని అడిగింది. చక్రం దగ్గర ఇనుప గొట్టం ఉంటుంది, లోపల నూనె, ఎత్తేసినప్పుడు ఆపుతుంది, నాలుగు చక్రాలకు నాలుగు అని చెప్పాను. "మరి గవి సచ్చినంక గూడ ఎందుకు ఏలాడేసినవు?" అంది. ఎల్లస్వామి నవ్వాపుకోలేక బండి కిందికి దూరాడు.

ఆయన ఎప్పుడు చెప్పాడో నాకు గుర్తు లేదు.

ఫిబ్రవరి 15

సికింద్రాబాదు రాణిగంజ్ పోయాను. ఎల్లస్వామి ఒక తాడు ఇచ్చాడు, రెండు ముళ్లు వేసి. మొదటి ముడి వరకు షాకబ్జరు మూసుకోవాలి, రెండో ముడి వరకు తెరుచుకోవాలి. పొట్టిదైతే గుంతలో చక్రం జారినప్పుడు తెగిపోతుంది, పొడుగైతే చక్రం దిమ్మె ఎక్కినప్పుడు పొడుచుకుంటుంది. ఆ తాడును మెడలో వేసుకుని దుకాణం దుకాణం తిరిగాను. జంధ్యమా చాచా అని ఒకడు అడిగాడు. అవునన్నాను.

మూడు రకాలు చూపించాడు ఒక దుకాణం సేటు. ఒకటి, పాతవాటికి నూనె మార్చి రంగు వేసినవి. రంగు తడిగానే ఉంది, వేలికి అంటింది. రెండోది, గోదాము మూలన పడి ఉన్న మిలిటరీ సరుకు, జిడ్డు కాగితం చుట్టినది, పదిహేనేళ్ల కిందటిది. మూడోది కొత్త సరుకు, నల్లగా, నా ముంజేతి లావున.

"చాచా, గిది తీస్కపో. లారీ ఏసినా వంగది. లాగి చూడు."

లాగాను. రాలేదు. కాలితో తొక్కి లాగాను. కొంచెం వచ్చింది. ఇంత గట్టిదా అని నా ఒళ్లు పొంగింది. నా మనవడికి కట్టిన కోటగోడలా అనిపించింది. నాలుగూ అవే తెచ్చాను. బస్సులో ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను, ఎవరినీ ముట్టనివ్వలేదు. పక్కనాయన ఏమిటవి అని అడిగితే నోటి దాకా వచ్చింది. గుర్వమ్మ గుర్తొచ్చి, మోటారు సామాను అన్నాను.

ఫిబ్రవరి 18

బిగించాము. పరీక్ష ఎలా చేయాలో నేనే ఆలోచించాను. ముందు సీటులో, అండాలు కూర్చునే చోట, ఇత్తడి బిందెను మెడ దాకా నీళ్లతో నింపి పెట్టాను. అటూ ఇటూ బస్తాలు కుక్కి కదలకుండా చేశాను. ఊరి బయట గుండ్ల బాట మీద మైలు పోయి మైలు వచ్చాను.

బిందెలో సగం లేవు. సీటు తడిసింది, నా ధోతి తడిసింది. పాతవాటితో ఇంతకన్నా నయం.

గుర్వమ్మ బిందెలోకి తొంగి చూసింది. "గీ నీళ్లతోని పప్పు గూడ ఉడుకది" అంది.

ఫిబ్రవరి 19

కొత్తవి కదా, కుదురుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది.

ఫిబ్రవరి 21

మళ్లీ పోయాను. సగం కన్నా తక్కువ మిగిలాయి.

ఫిబ్రవరి 22

బిందెది తప్పు. మెడ వెడల్పు.

ఫిబ్రవరి 23

వేరే బిందె. ఇదీ అంతే.

ఫిబ్రవరి 26, ఆదివారం

అల్లుడి దగ్గర నుంచి కార్డు. అండాలు బాగుందట, పచ్చి మామిడికాయ అడుగుతోందట. గోపమ్మ అడగమందట: "జీబు సంగతి ఏమాయె?" ఆ మాట కింద గీత గీశాడు. అల్లుడు గీసి ఉండడు, గోపమ్మ గీయించి ఉంటుంది.

గీత గీసినంత మాత్రాన చెన్నయ్య వెనక్కి తగ్గడు.

మార్చి 2

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

పొద్దున గుర్వమ్మ బావి నుంచి నీళ్లు తెస్తోంది. నెత్తి మీద బిందె, చంకలో ఇంకొకటి. మెట్లు ఎక్కింది, గడప దాటింది, కోడిపిల్లను కాలితో అవతలికి నెట్టింది. ఒక్క చుక్క పడలేదు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. నలభై ఏళ్లుగా చూస్తున్నదే, ఇవాళ చూశాను. బిందె దింపినప్పుడు లోపల నీళ్ల మీద ఒక ఎండు మోదుగాకు తేలుతోంది. విస్తర్లు కుట్టడానికి దాచుకున్న ఆకుల్లోది.

"గదెందుకే?"

"ఏది, ఆకా? నీళ్లు ఎగరకుంట. చిన్నప్పటిసంది ఏస్త. నీకు గిప్పుడు కనవడ్డదా?"

"గంత పల్చటి ఆకు గన్ని నీళ్లను ఎట్ల ఆపుతది?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆపుడేంది? మోసేది బిందె. ఆకు ఏం మోస్తది? నీళ్లు అటు పోతాంటె జర పట్టుకుంటది, ఇటు వస్తాంటె జర పట్టుకుంటది. అంతే. గట్టిగుంటదని పీట ఏస్తానా దాంట్ల?"

లేచి నిలబడ్డాను. చెప్పులు కూడా వేసుకోకుండా బండి తోలుకుని ఎల్లస్వామి దగ్గరికి పోయాను. దారి పొడుగునా నవ్వుకుంటున్నాను. పీట వేశాను నేను. నాలుగు పీటలు కొని తెచ్చాను రాణిగంజ్ నుంచి.

ఎల్లస్వామి అంతా విని, బండి కిందికి పాకి, చాలాసేపటికి బయటికి వచ్చాడు. "నీ ఇంటామె చెప్పింది సహీ. బరువు మోసేది ఇరుసు మీది కమాను పట్టీలు. షాకబ్జరు ఊగుడు ఆపాలె, గంతే. కని నీ పట్టీలు చూసినవా? కంపెనీ ఇచ్చినదాని మీద ఒక్కొక్క చక్రానికి రెండు పట్టీలు ఎక్కువేయించినవు. బస్తాల కోసం. పట్టీలు వంగకపాయె, షాకబ్జరు కదలకపాయె. ఇగ వంగేదెవరు? సీట్ల కూసున్నోళ్ల నడుము."

"పట్టీలు తీసెయ్యి."

"తీస్తె అంగడికి పదిమందిని, బస్తాలను ఎక్కియ్యలేవు. నలుగురంటె నలుగురే. మీ తమ్ముణ్ణి అడిగినవా?"

"తీసెయ్యి."

మార్చి 3

భిక్షం వచ్చి, నేల మీద పడి ఉన్న ఎనిమిది పట్టీలను చూశాడు.

"ఏందన్నా గిది?"

"కనవడ్తలేదా?"

"మక్తల్ అంగడికి వాగు కాడి పటేలు సరుకు ఎట్ల మోస్తం? గా పటేలు మనను నమ్ముకొని ఇంకొక బండి రానిస్తలేడు. నలుగురిని ఏసుకొని తిరుగుతె మన బండిని చూసి మేకలు గూడ నవ్వుతయి."

"నవ్వనీ."

"కారణం చెప్పు. నేను ఇంటి మనిషిని కానా?"

చెప్పకూడదు కదా. నోరు కుట్టుకున్నాను. వాడు నా మొహం చూశాడు, పట్టీలు చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు. వాడు నాకన్నా పదేళ్లు చిన్న, నాకన్నా తెలివి ఎక్కువ. ఒక పట్టీని కాలితో పక్కకు నెట్టి పోయాడు.

బండి తప్పు కాదు.

మార్చి 5, ఆదివారం

బండి తప్పు కాదు. రెండేళ్లుగా అందరికీ ఇదే చెబుతున్నాను. ఇక్కడ చదివేది నేనొక్కణ్ణే, కాబట్టి రాస్తాను.

రెండేళ్ల కిందట అండాలును తెచ్చిన రోజు మక్తల్ అంగడి. ఎట్లాగూ పోతున్న బండి కదా అని రాళ్లదొడ్డిలోనే అయిదుగురిని ఎక్కించుకున్నాను. వాగులోకి దిగే ముందు పటేలు నిలబడి ఉన్నాడు, నాలుగు వేరుశనగ బస్తాలతో, ముగ్గురు మనుషులతో. పటేలు చెయ్యెత్తితే ఆగకుండా పోయిన బండి ఆ బాటలో లేదు. నేను ఆగాను. పటేలు ముందు కూర్చోవాలి కదా. అండాలును ముందు సీటు నుంచి దింపి, వెనక చక్రం మీద, బస్తాల నడుమ కూర్చోబెట్టాను. "జర సర్దుకో బిడ్డా" అన్నాను. సర్దుకుంది. ఏమీ అనలేదు. షాకబ్జర్లు చచ్చాయని ఎల్లస్వామి దానికి మూడు నెలల ముందే చెప్పాడు. నాకు గుర్తుంది. ఆయన ఏ రోజు చెప్పాడో, అప్పుడు ఏం తింటున్నాడో కూడా గుర్తుంది.

వాగులో రెండుసార్లు ఎత్తేసింది. అవతలి ఒడ్డుకు చేరేసరికి ఆమె అమ్మా అంది. అప్పుడు బస్తాలు దింపాను. పటేలును దింపాను. అందరినీ దింపాను.

మగపిల్లవాడు. తంగేడు పొద కింద గొయ్యి నేనే తవ్వాను.

బండి తప్పు కాదు. నాది.

మార్చి 6

రాసి పడుకున్నాను. నిద్ర పట్టింది. ఆశ్చర్యం.

మార్చి 8

మళ్లీ రాణిగంజ్. నా మెడలో తాడు చూసి సేటు గుర్తుపట్టాడు.

"ఆవో చాచా. మస్తు గట్టిగున్నయి గదా?"

"మస్తు గట్టిగున్నయి. నాకు మెత్తటియి కావాలె. గా మూలకున్న మిలిటరీ సరుకు తియ్యి."

"అవి ఎవరు కొంటరు? అందరు గట్టియే అడుగుతరు."

"అందరు బస్తాలు మోస్తరు. నేను బిందె మోస్త."

సేటుకు అర్థం కాలేదు, నేను చెప్పలేదు. గోనెసంచీ పరిచి దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. పదకొండు తీయించాను. జిడ్డు కాగితాలు విప్పి, ఒక్కొక్కదాన్ని నిలువుగా పట్టి, పదిసార్లు నొక్కాను, పదిసార్లు లాగాను. మూడు సగం దూరం ఉత్తగా పోయి, తర్వాత పట్టుకున్నాయి. వాటిలో నూనె పోయింది. రెండు కారుతున్నాయి. ఒకటి తాడు రెండో ముడి వరకు రాలేదు. ఇంకొకటి దిగేటప్పుడు కటకటమంది. నాలుగు మిగిలాయి. బర్రె పాలు పిండినప్పుడు చేతికి ఎట్లా తగులుతుందో అట్లా పోయాయి, అట్లా వచ్చాయి. తొందర లేదు, మొండితనం లేదు. అటు జర పట్టుకుని, ఇటు జర పట్టుకుని. రెండు కొసల చెవుల్లోని రబ్బర్లు ఎండిపోయాయి, అవి మాత్రం కొత్తవి అడిగాను.

"గిరాకీలను ఆపేసి కూసున్నవు చాచా, పొద్దు గూకుతాంది" అన్నాడు సేటు.

"కూసుంట. మీ దుకాణం ఊడ్సేదాంక కూసుంట. గివి నా ప్రాణం కన్న ఎక్కువ."

సేటు లోపలికి కేకేసి చాయ తెప్పించాడు.

మార్చి 11

బిగించాము. బంపరు మీద ఎల్లస్వామి దుమికాడు. బండి ఒకసారి కిందికి పోయి, పైకి వచ్చి, నిలబడింది. ఒక్కసారే. ఆయన ఇంకోసారి దుమికాడు. ఒక్కసారే.

బిందె నింపి పోయి వచ్చాను. గ్లాసుడు నీళ్లు ఒలికాయి. ఒక్క గ్లాసుడు. గుర్వమ్మ వేలు పెట్టి చూసి, ఆ నీళ్లతోనే పప్పు వండింది. అంత రుచిగల పప్పు నా జన్మలో తినలేదు.

మార్చి 14

రాళ్లదొడ్డి. గోపమ్మ ముందే పేడనీళ్లు చల్లి, ముగ్గేసి, కొత్త చీర కట్టుకుని కూర్చుంది, యుద్ధానికి వచ్చినట్టు.

"బిందెను సీట్ల పెడితె నమ్మ. నా ఒళ్లె పెట్టు. నేను కూసుంట."

కూర్చుంది. బిందె ఒళ్లో, రెండు చేతులూ బిందె చుట్టూ, కళ్లు మూసుకుని. వాగు దాకా పోయి, వాగు దిగి, ఎక్కి, వెనక్కి వచ్చాము. ఇంటి ముందు ఆపాక ఆమె చీర చూసుకుంది. మోకాలి దగ్గర అరచేతి అంత తడి.

"గీ తడి వాగు ఎక్కుతాంటె అయిందా, దిగుతాంటెనా?" అన్నాను.

"ఎక్కుతాంటె." తడిని కొంగుతో అద్దుకుంది. "గాడ ఇంకింత నిమ్మలంగ ఎక్కు."

సరే అన్నట్టే కదా. రఘుపతి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అండాలు అత్త ఒళ్లోంచి బిందె తీసుకుని, నవ్వుతూ నా కాళ్ల మీద ఆ నీళ్లు గుమ్మరించింది.

మార్చి 27

రేపటికి ఏడో నెల నాలుగో రోజు. ముహూర్తం ఎల్లుండి పొద్దున.

భిక్షం రెండు రోజులుగా ఇంట్లో లేడు. నా మీద కోపం పోలేదేమో.

మార్చి 29, బుధవారం

తెచ్చాను. నా బిడ్డను తెచ్చాను. ఇంట్లో మంచం మీద పడుకుని ఉంది, పచ్చి మామిడికాయ ఉప్పుతో తింటోంది. ఇప్పుడు రాస్తాను.

ముందు సీటులో అండాలు. వెనక గుర్వమ్మ, గోపమ్మ. ఇంకెవరూ లేరు, ఒక్క బస్తా లేదు. రాళ్లదొడ్డి దాటి అర మైలు పోయాక చూస్తే బాట మారిపోయి ఉంది. పెద్ద గుండ్లన్నీ పక్కకు దొర్లించి ఉన్నాయి. గుంతల్లో మొరం పోసి ఉంది. ఎవరు చేశారా అనుకుంటూ పోతుంటే, నాలుగో మైలు దగ్గర గడ్డపార భుజాన వేసుకుని భిక్షం నిలబడి ఉన్నాడు. కాళ్లన్నీ దుమ్ము.

"వాగు దాంక అయింది. అవతల నిన్ననే చేసిన."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు జెప్పాలె? నువ్వు పట్టీలు తీసిన్నాడే ఎర్కయింది. పో, ఆగకు. పోయినసారి ఆగినవు."

వాణ్ణి కూడా ఎక్కించుకోలేదు. వాడు ఎక్కుతాననలేదు.

వాగులోకి దిగే ముందు పటేలు. అదే చోటు. అవే బస్తాలు, ఈసారి ఆరు. చెయ్యెత్తాడు. అండాలు నా వైపు చూడలేదు, ఎదురుగా చూస్తోంది. చీర కొంగును పిడికిట పట్టుకుంది. నా కాలు బ్రేకు మీదికి పోయింది, అలవాటు. తీసేశాను.

"ఏయ్ చెన్నయ్యా, కనవడ్తలేనా?"

"కనవడ్తున్నవు పటేలా" అన్నాను. ఆగలేదు.

వెనక గోపమ్మ, ఆయనకు వినపడేటట్టే, "జాగలేదు పటేలా, బండి నిండింది" అంది. ముగ్గురు ఆడవాళ్లతో నిండింది.

వాగు దిగేటప్పుడు ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి బిడ్డ ముందు అడ్డంగా పెట్టాను. చక్రం గుండు మీదికెక్కి, దిగి, నిలిచింది. అంతే. ఇంకొక గుండు. అంతే. ఒడ్డు ఎక్కేటప్పుడు గోపమ్మ చెప్పినట్టు నిమ్మళంగా ఎక్కాను. తంగేడు పొద నా పక్కకే వచ్చింది. గేరు చూసుకోలేదు. చూశాను. పూత మీద ఉంది.

"బాపూ" అంది అండాలు. "తంతాండు లోపల." నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. ఒక్క చేత్తో మక్తల్ దాకా నడిపాను.

మార్చి 31

పటేలు మనిషిని పంపాడు. ఇక నుంచి సరుకు వేరే బండికట. ఇవ్వకపోతే మానె. సరుకు లేకుంటే చావము. నలుగురిని ఎక్కించుకుని తిరుగుతామని చెప్పి పంపాను. భిక్షం ఇంకొంచెం గట్టిగానే చెప్పి పంపాడు.

మే 17

ఎండలు. అండాలు కాళ్లు వాచాయి. డాక్టరమ్మ చూసి అంతా సవ్యంగా ఉందంది. మా బావ నర్సింహ వచ్చి, ఏమన్నా విశేషమా అని అడిగాడు. ఎండలు అన్నాను. అండాలు లోపలి గదిలో నవ్వు ఆపుకోలేక దగ్గింది.

జూన్ 13

మిర్గం. వాన. వాగు పొంగిందని కబురు. కాన్పు కోసం ముందే వచ్చిన గోపమ్మతో సహా ఇవతలే ఉన్నాము. నా బిడ్డ ఇవతలే ఉంది.

జూన్ 19, సోమవారం, పాలమూరు దవాఖాన

ఆడపిల్ల. ఆరు పౌన్లు. కేర్‌మంది. వరండాలో నేను కూర్చున్న బెంచీ దాకా వినపడింది, గేటు దగ్గర బండిలో కూర్చున్న భిక్షానికీ వినపడిందట. డాక్టరమ్మ బయటికి వచ్చి, కొంచెం కష్టమే అయింది, ఇంటి దగ్గరైతే తల్లి దక్కేది కాదు అంది. గోపమ్మ అది విని నా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. నేను ఆ చేతులు పట్టుకుని దింపాను.

గుర్వమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడ్చిందని ముక్కు చూస్తే తెలుస్తోంది. "ఇగ చెప్పు" అంది. "ఎవరికి చెప్పుకుంటవో చెప్పుకో. దండోర ఏసుకో."

చెప్పవలసినవాళ్లు:

గుర్వమ్మ తమ్ముడు కాటమయ్య, భువనగిరి. తంతి ఇవ్వాలి. కార్డు రాస్తే చిన్నచూపు చూశారంటాడు.

మా అక్క సోమమ్మ, నల్లగొండ. చెవులు వినపడవు. మనిషిని పంపి చెవిలో అరిపించాలి.

బావ నర్సింహ. విశేషమని చెప్పాలి. తిడతాడు, తిట్టనీ.

చిన్నమ్మ బిడ్డలు లీలమ్మ, అరుణమ్మ. ఒకరికి చెబితే చాలు, ఇద్దరికీ చేరుతుంది. అయినా ఇద్దరికీ చెప్పాలి.

రఘుపతి. వాగు అవతల ఉన్నాడు. నీళ్లు తీయగానే మొదటి బండి మనదే.

మేనమామ కొడుకు వెంకటయ్య, ఎక్కడున్నాడో కనుక్కోవాలి.

ఎల్లస్వామి. నిన్నటి దాకా చుట్టం కాడు.

వాగు ఒడ్డున, తంగేడు కింద ఉన్నవాడు. వాడికి తంతి కుదరదు, మనిషిని పంపేది కాదు. నేనే పోవాలి. బండి ఆపి, దిగి, వాడి పక్కన కూర్చుని చెప్పాలి: నీకు చెల్లె పుట్టింది, బిడ్డా.